గంట కొట్టేవారు లేని చదువు

రాత్రి పదకొండు దాటింది. ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో ఓ గది. మంచం నిండా పుస్తకాలు, నేల మీద గ్రాఫు కాగితాలు, పక్కన చల్లారిపోయిన టీ. పొద్దున పదింటికల్లా ల్యాబ్ రికార్డు ఇచ్చేయాలి. రాయాల్సిన ప్రయోగాలు ఇంకా తొమ్మిది! సెమిస్టర్ మొదలై మూడు నెలలైంది. ఆ రోజులన్నీ ఎటు పోయాయో ఆ కుర్రాడికే అంతుబట్టడం లేదు. ఎవరి రికార్డైనా దొరుకుతుందేమోనని పక్క గది తలుపు తట్టాడు.

చదువు రానివాడా అంటే కాదు. ఇంటర్లో తొంభై శాతం తెచ్చుకున్నవాడే. ఇలాంటి పిల్లలు ఏ కాలేజీలో చూసినా కనిపిస్తారు. మరి తేడా ఎక్కడొచ్చింది?

చెయ్యి వదలగానే...

మన దగ్గర ఎంతోమంది పిల్లలు ఇంటర్ రెండేళ్లూ గంటల లెక్కన గడిపేస్తారు. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు తినాలి, ఏ స్టడీ అవర్‌లో ఏ సబ్జెక్టు చదవాలి, అన్నీ ఇంకొకరే చెబుతారు. బీటెక్‌లో చేరాక సాయంత్రం నాలుగు దాటితే అడిగేవారుండరు. వెనక ఎవరో పట్టుకుంటే చక్కగా సైకిల్ తొక్కిన పిల్లవాడు, చెయ్యి వదలగానే తూలిపోయినట్టు ఉంటుంది పరిస్థితి. వాళ్లకు కష్టపడటం వచ్చు. తమ రోజును తామే పంచుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఇక్కడ ఆఖర్లో కూర్చుని నెట్టుకొద్దామంటే కుదరదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022లో తెచ్చిన నిబంధనల్లో థియరీ సబ్జెక్టుకు వంద మార్కులుంటే 40 ఇంటర్నల్సే. మిడ్ పరీక్షలు, అసైన్‌మెంట్లు అందులోకే వస్తాయి. రికార్డు పూర్తి చేయాలని క్లాసు ఎగ్గొడితే హాజరు తగ్గుతుంది. 75 శాతం ఉండాలన్న నియమం ఉండనే ఉంది.

‘ఒక్క రాత్రి చాలు’

బద్ధకమే అసలు కారణం అనుకుంటాం. కానీ చాలాసార్లు తప్పేది అంచనా. ఏ పనికైనా పట్టే సమయాన్ని మనిషి తక్కువగానే ఊహించుకుంటాడని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. 1994లో వెలువడిన ఓ కెనడా అధ్యయనంలో డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులను ‘మీ థీసిస్ ఎన్నాళ్లలో పూర్తవుతుంది?’ అని అడిగారు. వాళ్లు చెప్పిన సగటు దాదాపు 34 రోజులు. అన్నీ ఎదురుతిరిగినా 49 రోజులకు మించదన్నారు. తీరా పట్టింది 55 రోజులకు పైనే!

విచిత్రమేమిటంటే, పోయినసారి ఆలస్యమైన సంగతి గుర్తున్నా ‘ఈసారి అలా కాదులే’ అనిపిస్తుంది. అందుకే ఊహను కాకుండా అనుభవాన్ని నమ్ముకోవాలి. ఒక ప్రయోగం సిద్ధాంతం, పట్టిక, గ్రాఫుతో సహా రాయడానికి గంటన్నర పట్టిందనుకోండి. తొమ్మిదింటికి పదమూడున్నర గంటలు. అది ఒక్క రాత్రిలో ఎలా సరిపోతుంది?

ఇలా చేసి చూడండి

* విశ్వవిద్యాలయం సెమిస్టర్ మొదట్లో ఇచ్చే క్యాలెండర్లో మిడ్ తేదీలుంటాయి. వాటిని, అసైన్‌మెంట్ గడువులను ఒకే కాగితం మీద రాసి మంచం పక్కన గోడకు అంటించండి. ఒకే వారంలో నాలుగు పనులు మీద పడబోతుంటే నెల ముందే కనిపిస్తుంది.

* కాలేజీ గడువుకు మూడు రోజుల ముందు మీ సొంత గడువు పెట్టుకోండి. కరెంటు పోవడం, ప్రింటర్ మొరాయించడం, సంతకం పెట్టాల్సిన మేడమ్ సెలవులో ఉండటం... ఇవన్నీ ఆఖరి రోజునే జరుగుతాయి!

* ల్యాబ్ ఉన్న రోజు సాయంత్రమే ఆ ప్రయోగం రికార్డులోకి ఎక్కించండి. అప్పుడు గంటన్నరలో అయ్యేది నెల తర్వాత రెండు గంటలైనా తెమలదు. చేత్తో చేసింది వెంటనే రాస్తే వైవాలోనూ నోరు పెగులుతుంది.

* ‘ప్రాజెక్టు చేయాలి’ అని రాసుకుంటే ఎక్కడ మొదలెట్టాలో తెలియదు. ‘మంగళవారం మొదటి రెండు పేజీలు’ అని రాసుకుంటే చెయ్యి కదులుతుంది.

* రోజంతా నింపేయకండి. ఆదివారం సగం ఖాళీగా వదలండి. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లొచ్చినా ఆ ఖాళీయే ఆదుకుంటుంది.

అమ్మానాన్నలకు ఒక మాట

ఫోన్ చేయగానే ‘చదువుతున్నావా?’ అని అడుగుతాం. ‘ఆఁ’ అంటారు. అక్కడితో సరి. దాని బదులు ‘ఈ వారం ఏమేం ఇవ్వాలి నాన్నా? ఏది మొదలెట్టావు?’ అని అడిగి చూడండి. జవాబు చెప్పాలంటే వాళ్లు ఒక్కసారి గోడ మీది కాగితం చూసుకోవాలి. అయితే లెక్క అడిగినట్టు కాకుండా కబురు అడిగినట్టుండాలి. మీరే రోజూ గుర్తు చేస్తూ కూర్చుంటే మళ్లీ ఇంటర్ గంటే అవుతుంది. రేపు ఉద్యోగంలో ఆ గంట కొట్టేవారు ఉండరు కదా!

మొదట చెప్పుకున్న కుర్రాడు తెల్లారేదాకా కూర్చుని రికార్డు ఇచ్చేశాడే అనుకుందాం. ఆ తొమ్మిది ప్రయోగాల్లో ఒక్కటీ అతనికి గుర్తుండదు. వారానికో సాయంత్రం గంటన్నర కేటాయించుకుని ఉంటే రికార్డూ పూర్తయ్యేది, పాఠమూ వచ్చేది. హాయిగా నిద్ర కూడా పట్టేది.