ఫైరింజను మీ ఊరికి ఎన్ని నిమిషములలో చేరును?

వరికోతలు ముగిసి గడ్డివాములు వేసినది మొదలు తొలకరి వానలు పడువరకు మన పల్లెలకు అగ్నిభయము హెచ్చుగా నుండును. తాటాకు ఇండ్లు, పశువుల పాకలు, వాములు ఒకదాని ప్రక్క నొకటి యున్నచోట ఒక్క నిప్పురవ్వ చాలును. అట్టి వేళ “ఫైరింజను ఎంతలో వచ్చును?” అని అడుగని వారుండరు. ఈ ప్రశ్నకు జవాబు ముందుగానే కాగితముపై వేసికొనవచ్చును. అందుకు గ్రామ పటము, గడియారము, కొద్దిపాటి లెక్క చాలును.

కాలములోని భాగములు

నిప్పు కనబడినది మొదలు నీరు పడువరకు పట్టు కాలమును నాలుగు భాగములుగా విడదీయవలెను. మొదటిది, ఫోనుద్వారా కబురు చేరుటకు పట్టు కాలము. రెండవది, సిబ్బంది బండి నెక్కి బయలుదేరుటకు పట్టునది. మూడవది ప్రయాణము. నాలుగవది, ఊరిలోనికి వచ్చిన పిమ్మట గొట్టములు పరచి నీరు వదలుటకు పట్టునది. వీనిలో పెద్దది సాధారణముగా ప్రయాణమే. కాని మొదటి భాగము పూర్తిగా గ్రామస్థుల చేతిలోనే యున్నది. “ఎవరో ఒకరు చెప్పియుందురు” అని అందరును ఊరకుండుటవలన విలువైన నిమిషములు పోవును.

దగ్గరి దారియే త్వరిత మార్గము కాదు

ప్రయాణమును లెక్కించుటకు దారిని ముక్కలు చేసి, ప్రతి ముక్కకు దూరమును, అక్కడ నిండు బండి పోగల వేగమును వ్రాయవలెను. ఉదాహరణకు ఒక డెల్టా గ్రామమును ఊహింతము. అగ్నిమాపక కేంద్రమునుండి ఆ ఊరికి రెండు దారులు కలవు.

మొదటి దారి 13 కిలోమీటర్లు. ఇందు తారు రోడ్డు 8 కిలోమీటర్లు. గంటకు 48 కిలోమీటర్ల వేగమున 10 నిమిషములు పట్టును. మిగిలిన 5 కిలోమీటర్లు కాలువ గట్టు. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున 20 నిమిషములు. మొత్తము 30 నిమిషములు.

రెండవ దారి 18 కిలోమీటర్లు. తారు రోడ్డు 16 కిలోమీటర్లకు 20 నిమిషములు. కంకర రోడ్డు 2 కిలోమీటర్లకు గంటకు 24 కిలోమీటర్ల చొప్పున 5 నిమిషములు. మొత్తము 25 నిమిషములు. 5 కిలోమీటర్లు చుట్టు అయినను ఇంజను 5 నిమిషములు ముందుగా చేరును.

అయితే ఈ రెండవ దారిలో రైల్వే గేటు కలదనుకొందము. అది పడి 8 నిమిషములు నిలువవలసి వచ్చినచో ప్రయాణము 33 నిమిషములగును. అప్పుడు గట్టు దారియే మేలు. కావున గేటు తెరచియున్నపుడు ఒక లెక్క, పడినపుడు మరియొక లెక్క వేసి రెండును కేంద్రమువారికి తెలుపవలెను. సగటు నొక్కదానినే నమ్మరాదు.

కూడళ్లు అనేకముగా నున్నచో తూమునుండి నీరు వదలినట్లు ఊహింపుడు. నీరు అన్ని బోదెలలోను ఒకేసారి సాగును. ఒక్కొక్క కూడలికి ఏ బోదె నీరు ముందుగా చేరునో, ఆ కూడలికి అదియే త్వరిత మార్గము. అట్లే కేంద్రమునుండి ప్రతి కూడలికి కనిష్ఠ కాలమును వ్రాసికొనుచు పోయిన ఊరివరకు దారి తేలును. హాలెండు దేశపు గణితజ్ఞుడు డైక్‌స్ట్రా 1959లో ప్రకటించిన పద్ధతి ఇట్టిదే. నేడు ఫోనులలో దారి చూపు పటములకు మూలమైన పద్ధతులలో ఇది యొకటి. న్యూయార్కు నగరపు ఫైరింజనుల ప్రయాణ కాలములను పరిశీలించి కోలెసార్, వాకర్, హౌస్నర్ అను శాస్త్రజ్ఞులు 1975లో ఒక వ్యాసము ప్రకటించిరి. దూరము తక్కువైనపుడు బండి పూర్తి వేగ మందుకొనలేదనియు, దూరము పెరిగిన కొలది వేగము నిలకడ పొందుననియు అందు తేలినది. మన పల్లెలలో దీనికితోడు గతుకులు, మలుపులు, ఇరుకు వంతెనలు కలవు. కనుక పట్టణపు అంకెలు మనకు పనికిరావు. మన దారిని మనమే కొలువవలెను.

ఏ ముక్కను బాగుచేయవలెను?

పై ఉదాహరణలో తారు రోడ్డుపై వేగమును 48 నుండి 60 కిలోమీటర్లకు పెంచినను మొదటి దారిలో మిగులునది 2 నిమిషములే. కాలువ గట్టును మెరకవేసి, చదునుచేసి, వేగమును 15 నుండి 30 కిలోమీటర్లకు పెంచినచో 10 నిమిషములు మిగులును. అప్పుడు ప్రయాణము 20 నిమిషములే; రైల్వే గేటు బాధయు లేదు. పంచాయతీ సొమ్మును ఎచ్చట వెచ్చింపవలెనో ఈ లెక్కయే చెప్పును.

రోడ్డుపై ధాన్యము ఆరబోసి చుట్టును రాళ్లు పేర్చుట మన అలవాటు. ఒక కిలోమీటరు మేర ఇంజను 48కి బదులు 12 కిలోమీటర్ల వేగమున నడచినచో ఒకటింపావు నిమిషము పట్టుచోట 5 నిమిషములు పట్టును. ఆరబోయుటకు వేరు చోటు లేనిచో, ఒక ప్రక్క బండి పట్టు వెడల్పునైనను విడువవలెను.

నీటి లెక్క

4,500 లీటర్ల నీరు పట్టు ఫైరింజనులో నీటి బరువే నాలుగున్నర టన్నులు. శిథిలమైన కల్వర్టు దానిని మోయజాలదు. అట్టి దారిని పటమునుండి కొట్టివేయవలెను. నిమిషమునకు 450 లీటర్ల చొప్పున వదలినచో ఆ నీరు 10 నిమిషములలో అయిపోవును. డెల్టాలో వేసవిని కాలువలు కట్టివేసినపుడు తిరిగి నీరు నింపుకొనుట ఎక్కడ? బండి పోగల చెరువు గట్టును, బోరును ముందే గుర్తించి, రాకపోకల కాలమును లెక్కలో చేర్చవలెను.

గ్రామాధికారులు, రైతులు చేయవలసిన పనులు

1. ప్రతి దారిని బరువుతో నున్న లారీతో నడిపి కాలము కొలువుడు. మోటారు సైకిలు లెక్క మోసగించును.

2. ఇరుకు వంతెనలు, బలహీనమైన కల్వర్టులు, వ్రేలాడు కరెంటు తీగలు, రైల్వే గేట్లు, నీటి వనరులు పటముపై గుర్తించి, ఒక ప్రతిని అగ్నిమాపక కేంద్రమునకు, ఒక ప్రతిని పంచాయతీ కార్యాలయమునకు ఇండు.

3. నిప్పు కనబడిన వెంటనే 101కు గాని 112కు గాని ఫోను చేయుడు. ఊరు, మండలము, గురుతు, ఆనాడు తెరచియున్న దారి చెప్పుడు.

4. ఒకరిని ఊరి మొగదల నిలిపి ఇంజనుకు దారి చూపుడు. సందులలోని బండ్లను, ట్రాక్టరు ట్రక్కులను తొలగింపుడు.

చివరగా ఒక్కమాట. మన ఉదాహరణలో కబురుకు 3, బయలుదేరుటకు 2, ప్రయాణమునకు 25, గొట్టములు పరచుటకు 3 నిమిషములు వేసిన మొత్తము 33 నిమిషములు. తాటాకు ఇల్లు అంతసేపు నిలువదు. మొదట అంటుకొనిన పాకను ఇంజను కాపాడలేదు. దాని తరువాతి ఇండ్లను కాపాడును. కనుక వామికి వామికి, వామికి ఇంటికి నడుమ ఎడము విడుచుట, ఇసుకను, నీటిని, పంపుసెట్టును సిద్ధముగా నుంచుట మన పని. మీ ఊరి అంకె ఎంతయో వచ్చు గ్రామసభనాటికి లెక్కవేసి, పంచాయతీ గోడపై వ్రాయించుడు. ఆ అంకె తెలిసిన గ్రామమునకు ఏమి చేయవలెనో కూడ తెలియును.