సాపు చేసిన జుట్టుకు ఎంత వేడి తగును?



క్రిస్మస్ వచ్చినా, ఇంట్లో పెళ్లి కుదిరినా మన సంఘాల్లోని ఆడపిల్లలు కొందరు పట్నం పార్లరుకు వెళ్లి జుట్టు సాపు చేయించుకొని వస్తున్నారు. రీబాండింగ్ అంటారు, స్మూతనింగ్ అంటారు. వేలల్లో ఖర్చు. కొన్ని వారాలు నున్నగా ఉంటుంది. తరువాత కుదుళ్ల దగ్గర ఉంగరాల జుట్టు మళ్లీ మొలుస్తుంది. అప్పుడు సంతలోనో ఫ్యాన్సీ షాపులోనో ఒక స్ట్రెయిట్నర్ కొని రోజూ తల ఇస్త్రీ చేసుకుంటారు. బట్టల ఇస్త్రీ పెట్టెనే వాడేవారూ ఉన్నారు. కొద్ది నెలలకు దువ్వెన నిండా తెగిన వెంట్రుకలు కనబడితే "నీళ్లు పడలేదు" అనుకుంటాం. చాలాసార్లు తప్పు నీళ్లది కాదు, వేడిది.

అలంకరణ పాపమా కాదా అని ఇక్కడ వాదించబోము. మందు పెట్టిన జుట్టుకు ఏ పరికరం తగునో, ఏది తగదో తల్లులకు తెలియజేయడమే మా ఉద్దేశం.

కొంత చరిత్ర

జుట్టు సాపు చేసే అలవాటు అమెరికాలోని నల్లజాతి స్త్రీలలో ఎంతో కాలంగా ఉంది. తెల్లవారి జుట్టు వంటి జుట్టు ఉంటేనే గౌరవం, ఉద్యోగం అన్న ఒత్తిడి వారిమీద ఉండేది. మేడమ్ సి. జె. వాకర్ 1867లో లూయిసియానాలో, బానిసత్వం నుండి విడుదలైన తల్లిదండ్రులకు జన్మించారు. ఏడేళ్లకే తల్లిదండ్రులను కోల్పోయి, బట్టలు ఉతికి బ్రతికిన ఆమె తర్వాత తలకు రాసే మందులతో పెద్ద వ్యాపారం నిర్మించారు. ఆమె పద్ధతిలో పొయ్యిమీద కాచే ఇనుప దువ్వెన కూడా ఉండేది. తరువాతి కాలంలో రిలాక్సర్ అనే రసాయనాలు వాడుకలోకి వచ్చాయి. పొయ్యిమీద కాచిన దువ్వెన ఎంత వేడెక్కిందో చూసి చెప్పలేము. చెవులు, మెడ కాలడం మామూలయింది. ఈనాటికీ పరికరం ఎంచుకోవడంలో మొదటి ప్రశ్న అదే: దీని వేడి మన చేతిలో ఉందా?

మందు ఏమి చేస్తుంది?

వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైనది. దానిలోని గంధకపు బంధాలే ఉంగరానికీ బలానికీ ఆధారం. మందు ఆ బంధాలను తెంచుతుంది. ఉంగరంతోపాటు కొంత బలమూ పోతుంది. రిలాక్సర్లలో కొన్నింటిలో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, అంటే సబ్బు తయారీలో వాడే కాస్టిక్ సోడాయే. రీబాండింగులో సాధారణంగా థయోగ్లైకోలేట్ వాడతారు. ఈ రెండు రకాలను ఒకే జుట్టు మీద ఒకదాని తర్వాత ఒకటి వాడితే జుట్టు తెగిపోతుంది. కనుక ఇదివరకు ఏ మందు పెట్టారో పార్లరులో అడిగి రాసి ఉంచుకోవాలి. మళ్లీ మందు పెట్టవలసివస్తే కొత్తగా మొలిచిన భాగానికే పెట్టాలి.

కొనేటప్పుడు చూడవలసినవి

1. వేడి అంకెల్లో కనబడాలి. ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్నది కొనవద్దు. మందు పెట్టిన జుట్టుకు 150 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, 180 దాటనివ్వకూడదు. బట్టల ఇస్త్రీ పెట్టె కాటన్ మీద పెడితే 200 డిగ్రీలకు చేరుతుంది, అది తలకు పనికిరాదు.

2. పలకలు సిరామిక్‌వి అయితే వేడి అంతటా సమానంగా పరుచుకుంటుంది. పూత లేచిన పలక, గరుకైన అంచు వెంట్రుకను లాగి తెంపుతుంది.

3. కొంతసేపటికి తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటే మేలు.

4. వోల్టేజి చదవాలి. అమెరికాలోని బంధువులు తెచ్చే పరికరాలు కొన్ని 120 వోల్టులవి. మన కరెంటు 230. ప్లగ్గుకు అడాప్టరు తగిలిస్తే పిన్నులే మారతాయి, వోల్టేజి మారదు. దాన్ని మన ఇంట్లో పెడితే విపరీతంగా వేడెక్కి కాలిపోవచ్చు. 100 నుండి 240 వరకు అని రాసి ఉంటేనే వాడాలి.

వాడేటప్పుడు

తడి జుట్టు మీద స్ట్రెయిట్నర్ పెట్టకూడదు. లోపలి నీరు ఆవిరై, వెంట్రుకలో బుడగలు లేచి అక్కడే విరుగుతుంది. నూనె రాసిన తల మీద కూడా వద్దు, కాగిన నూనె మాడును కాలుస్తుంది. కొబ్బరినూనె తలస్నానానికి ముందు రాసుకుంటే జుట్టుకు మంచిది.

డ్రయ్యరును దగ్గర పెట్టవద్దు. 2011లో కొరియాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో 5 సెంటీమీటర్ల దూరంలో 95 డిగ్రీలు ఉన్న వేడి 15 సెంటీమీటర్ల దూరంలో 47కు తగ్గింది. జానెడు దూరం ఉంచి, కదుపుతూ ఆరబెట్టాలి.

తెల్లని కాగితాన్ని పలకల మధ్య కొన్ని క్షణాలు నొక్కి చూడండి. కాగితం ఎర్రబారితే జుట్టుకు ఆ వేడి తగదు. సన్నని పాయలు తీసుకొని, ఒక్కొక్క పాయను ఒక్కసారే లాగాలి. వేడినుండి కాపాడే లేపనం ముందుగా రాయాలి. వారానికి ఒకసారికి మించవద్దు.

వాడుతుండగా కరెంటు పోతే వెంటనే ప్లగ్గు తీసేయండి. మరచి పొలానికో గుడికో వెళ్తే, కరెంటు వచ్చినప్పుడు మంచంమీద వదిలిన పరికరం పరుపును అంటించగలదు. నీళ్లున్న చోట వాడవద్దు. పసిబిడ్డలకు అందనివ్వవద్దు.

తల్లులకు ఒక మాట

కొన్ని స్మూతనింగ్ మందులు ఇస్త్రీ వేడికి ఫార్మాల్డిహైడ్ అనే ఆవిరిని వదులుతాయి. కళ్లు మండితే, గొంతు పట్టితే వెంటనే ఆపించి బయటకు రావాలి. క్యాన్సరు కలిగించే పదార్థంగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం దానిని 2004లో గుర్తించింది. 2022లో అమెరికాలో 33,000కు పైగా స్త్రీల మీద జరిగిన అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. జుట్టు సాపుచేసే మందులు ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవారిలో గర్భాశయ క్యాన్సరు రెట్టింపుకంటె ఎక్కువగా కనబడింది. మందే కారణమని దీనితో రుజువు కాలేదు గాని, జాగ్రత్త పడేందుకు ఇది చాలు. మాడు మీద పుండుగాని, మంటగాని ఉన్నప్పుడు మందూ వద్దు, వేడీ వద్దు. చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి.

చివరిగా, మీ అమ్మాయి ఎందుకు సాపు చేయించుకుంటున్నదో ఒకసారి ఆమెనే ప్రేమతో అడగండి. సరదాకైతే జాగ్రత్తలు చెప్పండి. "ఉంగరాల జుట్టని పెళ్లిచూపుల్లో వంక పెట్టారు" అని ఆమె కన్నీళ్లు పెట్టుకుంటే, అప్పుడు ఏ పరికరమూ ఆ గాయాన్ని మాన్పలేదు. మన తలవెంట్రుకలు లెక్కింపబడియున్నవని యేసు ప్రభువు చెప్పినప్పుడు సాపువీ ఉంగరాలవీ వేరుచేయలేదు. కోడలిని వెదికే అత్తలమైన మనమూ ఆ మాట గుర్తుంచుకొంటే, ఎందరో ఆడపిల్లల తలలకు ఆ వేడి తప్పుతుంది.

ప్రభువు మీ గృహములను దీవించును గాక!