పెట్టెలోని వాద్యబృందము

అమెరికా దేశమున 1976వ సంవత్సరమున రేమండ్ కుర్జ్‌వైల్ అను యువశాస్త్రజ్ఞుడు అంధుల కుపయోగపడు యంత్రము నొకదానిని నిర్మించెను. అచ్చుపుస్తకమును దానిపై నుంచినచో, అది యక్షరములను గుర్తించి బిగ్గరగా చదివి వినిపించును. ఆ వార్త విని, దానిని కొనుటకు స్వయముగా వచ్చినవారిలో స్టీవీ వండర్ ఒకడు. ఆయన పసితనముననే చూపు కోల్పోయినవాడు. గాయకుడుగను, పియానో వాదకుడుగను జగత్ప్రసిద్ధి గాంచినవాడు. ఆ యంత్రము మూలమున వారిరువురకును చిరకాలస్నేహ మేర్పడెను.

1982లో ఆ గాయకుడు తన మనసులోని కొరతను మిత్రునకు చెప్పుకొనెను. సంగీతలోకము రెండు పాయలుగా చీలియున్నది. ఒకవైపున పియానో, వయొలిను మున్నగు వాద్యములు కలవు. వాని నాదము నిండైనది. కాని దానిని మలచుటకు, పొరలుగా పేర్చుటకు వీలులేదు. రెండవవైపున సింథసైజరు లనబడు విద్యుద్వాద్యములు కలవు. వానిలో ధ్వనిని కోరిన రీతిని మలచుకొనవచ్చును. కాని నాదము పలుచన. ఆ నిండుదనమును, ఈ స్వేచ్ఛను ఒక్కచోట చేర్చుట సాధ్యమా? ఈ ప్రశ్నకు సమాధానముగా 1984లో ‘కుర్జ్‌వైల్ 250’ అను 88 మీటల వాద్యము వెలువడెను. పియానో నాదమును అది పలికిన తీరు సంగీతజ్ఞుల నచ్చెరువు గొలిపెను. దాని వెల మాత్రము సామాన్యవాదకుని తలంపునకు కూడ అందనిది.

నాలుగేండ్లు గడచిన పిమ్మట, 1988లో, జపాను దేశమునుండి కోర్గ్ సంస్థవారి ‘ఎం-1’ వచ్చెను. ఇది యొక్కరుడు మోయదగిన పెట్టె. అనేక వాద్యముల ధ్వనులు, డ్రమ్ములు, ప్రతిధ్వనిని కల్పించు ఏర్పాటు దీనిలోనే యుండెను. అంతేకాదు, వాదకుడు వాయించినదానిని జ్ఞాపకముంచుకొని తిరిగి వాయించు ‘సీక్వెన్సరు’ కూడ నమర్చబడెను. ఎనిమిది వరుసలలో ఒకదానిపై నొకటి నింపుకొనుచు, ఒక్కడే తన గదిలో కూర్చుండి వాద్యబృందము నంతటిని నడుపవచ్చును. ఇట్టి వాద్యమునకు ‘వర్కుస్టేషను’ అను పేరు వాడుకలోనికి వచ్చెను. ఎం-1 పెట్టెలు లక్షకు మించి అమ్ముడుపోయెను.

అయితే కొనువాని ముందొక చిక్కు వచ్చి నిలిచెను. వీణ కొనువాడు పనసకొయ్యను పరికించును, మేళము కట్టిన తీరు చూచును, తంతిని మీటి నాదమెంతసేపు నిలుచునో వినును. ఈ పెట్టెలో కొయ్య లేదు, తంతి లేదు. దుకాణమున మొదటి మీట నొక్కగానే వినవచ్చు ధ్వని కొనువానిని మురిపించుటకై ముందుగా కూర్చిపెట్టినది. పొడుగాటి ప్రతిధ్వనులతో గుడిగోపురమునుండి వచ్చినట్లుండు ఆ ధ్వని కచేరిలో ఒక్కనాడును పనికిరాకపోవచ్చును. కనుక లోపలి పని కొంత తెలియనిదే పరీక్ష సాగదు.

మంచి పియానో నొకదానిని నిశ్శబ్దమైన గదిలో నుంచి, స్వరమును పలికించి, ఆ ధ్వనిని మైకుతో పట్టుదురు. గాలిలోని కంపనమును సెకనునకు వేలకొలది సారులు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా దాచుదురు. కాంపాక్టు డిస్కునందు ఈ కొలతలు సెకనునకు 44,100. ఎం-1 నందు 32,000. ప్రతి కొలతయు 65,536 మెట్లలో ఏదో యొక మెట్టుపై నిలుచును. వాదకుడు మీట నొక్కినపుడు ఆ యంకెలే మరల విద్యుత్తరంగములై, స్పీకరునుండి నాదమై వెలువడును.

ఎం-1 నందు ఈ యంకెలు దాచు స్థలము 4 మెగాబైట్లు మాత్రమే. లెక్కవేసి చూచినచో అది నిమిషమునకు కొంచెము మించిన ధ్వనికి సరిపోవును. పియానో, వేణువు, తంత్రీవాద్యములు, కంఠధ్వనులు, డ్రమ్ములు, అన్నియు ఆ నిమిషములోనే ఇమిడియుండవలెను! ఇందుకు నిర్మాత లొక యుపాయమును వాడిరి. చెవి వాద్యమును గుర్తించుట చాలవరకు స్వరము పుట్టు క్షణముననే జరుగును. పియానో సుత్తి తంతికి తగులు చప్పుడు, వేణువు రంధ్రమును ఊపిరి తాకు సవ్వడి, ఇవియే ఆనవాళ్లు. ఆ తొలిభాగమును ఉన్నదున్నట్లుంచి, తరువాతిదానిలో చిన్న తునకను మాత్రము తీసికొని, గానుగెద్దువలె దానినే త్రిప్పి త్రిప్పి వినిపింతురు.

ఈ రహస్య మెరిగినవాడు దుకాణమున పాట వాయింపడు. మంద్రస్థాయిలో ఒక్క మీటను నొక్కి పట్టి ఊరకుండును. నిజమైన పియానో స్వరము క్షీణించుచున్నంతసేపును లోలోపల రంగులు మారుచునే యుండును. త్రిప్పుడు తునకతో చేసిన స్వరము కొన్ని సెకనులలోనే చలనములేక, గీత గీచినట్లగును. తరువాత అతడు ప్రక్క ప్రక్క మీటలను వరుసగా నొక్కుచు పోవును. స్థలము చాలనందున ఒక్కొక్క స్వరమును సాగదీసి పలు మీటలకు సర్దుట కలదు. ఒక స్వరము ముగిసి మరియొకటి మొదలగుచోట, జాగ్రత్తగా విన్నచో, అతుకు తెలియును. పిదప ఒకే మీటను మెల్లగా నొక్కి, క్రమక్రమముగా బలము హెచ్చించి చూడవలెను. ధ్వని పెద్దదగుటయే చాలదు; పియానో యందు బలము హెచ్చిన కొలది నాదము పదునెక్కును. ఆ మార్పు మెట్టు మెట్టుగా ఎగిరిపడక, నునుపుగా రావలెను. ప్రకటనలలో ధ్వనుల సంఖ్యను వేలలో చాటుట వాడుక. వేయి ధ్వనులున్న పెట్టెలో వాదకుడు నిత్యము వాడుకొనునవి పది యైనను ఉండవు. ఆ పదియే వినదగినవి.

మరియొక పరీక్ష గలదు. ఎం-1 ఒక్కసారి 16 ధ్వనులను మాత్రమే పలుకగలదు. రెండు పొరల ధ్వనిని వాడినచో ఆ సంఖ్య 8కి దిగును. కాలిమీట త్రొక్కి స్వరములను నిలిపియుంచి, పైన త్వరితగతిని వాయించినచో, క్రొత్తస్వరమునకు చోటిచ్చుటకు పాతస్వర మొకటి మాయమగును. బజారుసందడిలో ఇది తెలియదు. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని వినవలెను.

ఇన్ని లోపములు గల ఎం-1 పియానోకు చిత్రమైన యదృష్టము పట్టెను. 1990 ప్రాంతమున పాశ్చాత్యదేశముల నాట్యసంగీతమున ఆ పొట్టి, మెరుపు ధ్వనినే కోరి కోరి వాడిరి. పియానోను పోలుటలో చాలనిది తనకు తానే యొక వాద్యమై నిలిచెను. పరీక్షకుల మాట పూర్తిగా చెల్లలేదన్నమాట!

2011లో అదే సంస్థ ‘క్రోనోస్’ అను వర్కుస్టేషనును వెలువరించెను. స్థలపు కరవు దీనిలో తీరెను. ఒక్కొక్క పియానోకే అనేక గిగాబైట్లు కేటాయించి, ప్రతి మీటకును వేరు స్వరమును, త్రిప్పుడు తునకలు లేకయే, చివరివరకు దాచిరి. ధ్వనిని పుట్టించు విధానములే తొమ్మిది. పాట నింపుకొనుటకు మీటల కదలికలకు 16 వరుసలు, మైకు ధ్వనికి వేరుగా 16 వరుసలు కలవు.

కాని సొంతదారుని కష్టములు వేరు. అవి దుకాణమున కానరావు. క్రోనోసు లోపల నున్నది కంప్యూటరే. మీట వేసినపిమ్మట అది మేల్కొనుటకు సుమారు రెండు నిమిషములు పట్టును. కచేరి మధ్య కరెంటు రెప్పపాటు పోయిన యెడల, సభ యంతయు ఆ రెండు నిమిషములును వేచియుండవలసినదే. 88 మీటల పెట్టె బరువు 20 కిలోలకు మించును. మేడమెట్లెక్కించువానికి దాని గొప్ప మరియొక విధముగా తెలియును. ఎం-1 కష్టము ఇంకను కఠినము. వాదకుడు తాను మలచుకొన్న ధ్వనులను నిలిపియుంచునది లోపలి చిన్న బ్యాటరీ. ఏండ్లు గడచి అది చచ్చినదా, వాని శ్రమ యంతయు తుడిచిపెట్టుకొని పోవును. ప్రతి లోపము దాచుకొని వేరొకచోట ప్రతి తీసి యుంచుకొనని వారి కష్టము చెప్పనలవి కాదు.

తెలుగువాడు ఇట్టి వాద్యమును పరీక్షించునపుడు మరియొక పాత తగవు తలయెత్తును. మీట నొక్కినచో ఒక్క స్థిరస్వరమే పలుకును. ప్రక్క మీటకు పోవు దారి దానిలో లేదు. తోడిరాగమున గాంధారము ఒక్కచోట నిలుచునది కాదు, ఊగుచుండునది. మీట దాని నెట్లు చూపగలదు? ఈ కొరతనే యెంచి, స్థిరస్వరముల హార్మోనియమును ఆలిండియా రేడియో 1940లో బహిష్కరించెను. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు.

వర్కుస్టేషనులో ఎడమవైపున చిన్న కఱ్ఱవంటి మీట యొకటి కలదు. దానిని ప్రక్కకు వంచినచో స్వరము జారి పైకో క్రిందికో పోవును. ఎంత దూరము జారవలెనో ముందుగా నిర్ణయించుకొనవచ్చును. కుడిచేతితో ఒక్క మీటను పట్టి, ఎడమచేతితో ఈ కఱ్ఱను నడుపుచు గమకములు పలికించువారు నేడు కర్ణాటకసంగీతసభలలో కలరు. అయితే కఱ్ఱను వంచినపుడు ఆ ధ్వనిలో పలుకుచున్న స్వరములన్నియు కలిసి జారును. క్రింద నిలిపిన షడ్జము సైతము వానితోపాటు కదలిపోవును. అందుచే శ్రుతిని వేరొక వరుసలో నుంచి, కఱ్ఱ దానిని తాకకుండునట్లు అమర్చుకొనవలెను. ఆ యమరిక సులువుగా కుదురునా, జారుడు నునుపుగా నున్నదా, లేక మెట్లుమెట్లుగా చెవికి తగులుచున్నదా యని, కొనుటకు ముందే గాంధారమును పట్టి ఊపి చూతురు.