పెద్దిల్లు కడతారా? ముందు పొలం లెక్క చూసుకోండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. సన్న, చిన్నకారు రైతు ఇంట ఈ రెండూ చాలాసార్లు ఒక్కసారే ముంచుకొస్తాయి. పెద్దబ్బాయికి సంబంధం కుదురుతుంది. ఉన్నవేమో రెండు గదులు. ఒకదాంట్లో ముసలివాళ్ళు, ఇంకోదాంట్లో ధాన్యం బస్తాలు. కోడలు వచ్చేనాటికి ఇల్లు పెంచాలి. ఆ తొందరలో ఎకరం అమ్మడమో, రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవడమో జరుగుతుంది. ఇల్లయితే లేస్తుంది గానీ, దాన్ని నిలబెట్టాల్సిన పొలం చేయి జారిపోతుంది. అలా కాకుండా ఉండాలంటే ముగ్గు పోయకముందే కొన్ని లెక్కలు తేల్చుకోవాలి.

ఎంత ఇల్లు కావాలి?

పక్కింటివాళ్ళు డాబా వేశారని మనమూ వేయాలనుకోవద్దు. ఇంట్లో ఎందరున్నారు, వచ్చే ఐదేళ్ళలో ఎందరవుతారు, పంట ఎక్కడ పెడతారు, గొడ్లకు చోటుందా అన్నది చూడండి. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు గది అంటే 120 చదరపు అడుగులు. అలాంటివి రెండు గదులు, ముందు చిన్న వసారా కలిపితే సుమారు 300 చదరపు అడుగులు. చాలా కుటుంబాల ఇబ్బంది దీంతోనే తీరుతుంది. వెయ్యి అడుగుల ఇల్లు తలపెడితే ఖర్చు మూడింతలు దాటుతుంది.

ఉన్న ఇంటి గోడలు గట్టిగా ఉంటే పక్కనే గదులు కలపండి. కొత్తగా వేసేట్లయితే పునాది మాత్రం రేపు పైన ఇంకో అంతస్తు వేసుకోవడానికి తగ్గట్టు వేయించండి. నల్లరేగడి నేల వేసవిలో బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది. అలాంటి నేలలో పైపైన పునాది వేస్తే గోడలు చీలుతాయి. గట్టి నేల తగిలేదాకా తవ్వాల్సిందే. పునాది దగ్గర మిగుల్చుకున్న డబ్బు తర్వాత గోడల మరమ్మతుకు పోతుంది.

డబ్బు ఎక్కడిది?

వచ్చే పంటకు కావాల్సిన పెట్టుబడి ముందు పక్కన పెట్టండి. విత్తనం, ఎరువు, కూలీలు, కౌలు ఉంటే కౌలు. ఆ సొమ్ము ఇంటికి ముట్టుకోకూడదు. మిగిలినదాంట్లో, మేస్త్రీ చెప్పిన అంచనాలో సగమైనా చేతిలో లేకపోతే ఇంకో పంట దాకా ఆగడమే మేలు.

నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మూడు లక్షలు తెస్తే నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు. మూడేళ్ళు తిరిగేసరికి వడ్డీయే 2 లక్షల 16 వేలు. అసలు అలాగే ఉంటుంది. మీ పొలం ఏటా ఖర్చులు పోను 72 వేలు మిగులుస్తుందా? మిగల్చకపోతే ఆ అప్పు పొలాన్నే మింగుతుంది.

కిసాన్ క్రెడిట్ కార్డు మీద తెచ్చిన పంట రుణాన్ని ఇంటికి మళ్ళించడం ఇంకో పొరపాటు. మూడు లక్షల దాకా పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. ఆ డబ్బు గోడల్లో ఇరుక్కుంటే గడువు తప్పుతుంది, రాయితీ పోతుంది, తర్వాతి పంటకు మళ్ళీ బయట అప్పే గతి. తప్పనిసరైతే బ్యాంకులోనో, సహకార సంఘంలోనో బంగారం మీద తీసుకునే అప్పు, ప్రైవేటు అప్పుకన్నా సాధారణంగా చవక.

ఇక పొలం అమ్మకం. అమ్మిన ఎకరం మీద వచ్చే ఆదాయం ఆ ఏటితోనే పోదు, ప్రతి ఏటా పోతుంది. రేపు అదే పొలాన్ని మీరే కౌలుకు చేయాల్సి రావచ్చు.

ప్రభుత్వ సాయం

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదాన ప్రాంతంలో ఇంటికి లక్షా 20 వేలు ఇస్తారు. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో సాయం 5 లక్షలు. పక్కా ఇల్లు ఉన్నవారికి ఇవి వర్తించవు. కూలిపోయే మట్టింట్లో, పూరింట్లో ఉంటే అడిగి చూడండి. మంజూరు కాగితం రాకముందే పని మొదలుపెట్టొద్దు. బిల్లు ఒక్కసారి రాదు, పని జరిగినకొద్దీ విడతలుగా వస్తుంది. ఇల్లు ఎంత పెద్దగా కట్టొచ్చో కూడా ముందే అడగండి.

ఎప్పుడు మొదలు?

పంట అమ్ముకున్నాక, మాఘ ఫాల్గుణాల్లో మొదలుపెడితే వీలు. చేతిలో డబ్బుంటుంది, నేల ఆరి ఉంటుంది. జూన్ వానల్లోగా స్లాబు పడిపోవాలి. అయితే ఎండాకాలం సిమెంటు పని తడవకపోతే పట్టు రాదు. గోడలు కనీసం వారం, స్లాబు రెండు వారాలు తడపాలి. బోరులో నీరుందో లేదో ముందే చూసుకోండి. సిమెంటు ఒక్కసారే తెచ్చి పేర్చుకోవద్దు. మూడు నెలలు దాటితే పట్టు తగ్గుతుంది. ఇంటి కోసం పంటను తొందరపడి తక్కువ ధరకు తెగనమ్మవద్దు.

పాత ఇల్లు కొంటుంటే

ఊళ్ళో ఎవరైనా పట్నం వెళ్ళిపోతూ ఇల్లు అమ్ముతుంటే, కట్టడంకన్నా కొనడం చవక కావచ్చు. బేరం కుదిరిందని బయానా ఇచ్చేయకండి. ఇవి చూడండి.

* సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో 30 ఏళ్ళ ఈసీ తీయించండి. రిజిస్టరైన తాకట్టు, అమ్మకం ఉంటే తెలుస్తుంది.
* గ్రామకంఠంలో ఇళ్ళకు చాలాచోట్ల లింకు దస్తావేజులు ఉండవు. పంచాయతీలో ఇంటిపన్ను ఎవరి పేరున ఉందో చూడండి, ఇరుగుపొరుగును అడగండి.
* 2005 చట్ట సవరణతో పిత్రార్జితంలో ఆడపిల్లలకూ సమాన వాటా ఉంది. అన్నదమ్ములతోపాటు అక్కచెల్లెళ్ళ సంతకాలూ తీసుకోండి.
* ప్రభుత్వం ఇచ్చిన స్థలమైతే అమ్మే హక్కు ఉందో లేదో తహసీల్దారు కార్యాలయంలో కనుక్కోండి.
* అంకణం లెక్క ఊరికో రకం. స్థలాన్ని గజాల్లో, అడుగుల్లో కొలిపించి, నాలుగు హద్దులూ రాయించండి. సెంటు అంటే 48.4 గజాలు.
* తెల్లకాగితం మీద రాతతో సరిపెట్టుకోవద్దు. రిజిస్ట్రేషన్ అయితేనే ఇల్లు మీది.

ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఇంట్లో ఆడవాళ్ళను, ఎదిగిన పిల్లలను కూర్చోబెట్టి చదివి వినిపించండి. వడ్డీ కట్టేదీ, ఆ ఇంట్లో ఉండేదీ అందరూ కదా. అందరూ సరేనన్నాకే మేస్త్రీని పిలవండి.