ఆ చప్పుడు ఏం చెబుతోంది?

రాత్రి మూడు కావస్తోంది. ఇల్లంతా గాఢనిద్రలో ఉంది. ఉన్నట్టుండి వెనక గోడలోంచి ‘డబ్... డబ్... డబ్’మని చప్పుడు! ఎవరో పిడికిలితో గోడను గుద్దుతున్నట్టే ఉంది. లైటు వేసి, తలుపు తీసి చూస్తే మనిషి జాడ లేదు. రెండు మూడు నిమిషాలు మోగి, దానంతటదే ఆగిపోయింది. కొన్నేళ్ల క్రితం మేము కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో మొదటి వారమే ఎదురైన అనుభవమిది. తెల్లవారాక ఆ మాట ఎదురింటివారితో అంటే వాళ్లు ఆశ్చర్యపోలేదు సరికదా, ‘మీకూ వినిపించిందా? ఆ ఇంట్లో ఎవరూ ఆర్నెల్లకు మించి ఉండలేదండీ’ అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, వెనక వాటాలో ఒంటరిగా ఉండే మామ్మగారి వైపు కళ్లతోనే చూపించారు. ఆమెకు ఏవో విద్యలు వచ్చట! ఆమె ఇచ్చింది పిల్లాడికి తినిపించవద్దట!

చదువుకున్నవాళ్లమే అయినా ఆ మాట మా మీద పనిచేసిందని ఒప్పుకోవాలి. మామ్మగారు మా అబ్బాయికిచ్చిన జామపండును తీసుకుని, ఆమె లోపలికి వెళ్లాక గోడ అవతల పారేశాము. ఒక చప్పుడు, దానికి తోడు ఒక పుకారు. ఈ రెండూ కలిస్తే చాలు, డెబ్బై ఏళ్లు దాటిన ఒక నిరుపేద వితంతువు మంత్రగత్తె అయిపోయింది! మన పల్లెల్లో బాణామతి, చేతబడి అనే అనుమానంతో నిరపరాధులను కొట్టిన, చంపిన సంఘటనలు కూడా చాలావరకు ఇలాంటి చిన్న అనుమానంతోనే మొదలవుతాయి. అర్థం కాని దానికి ఏదో ఒక అర్థం వెంటనే కావాలనే తొందరే అసలు ప్రమాదం.

మా ఇంట్లో తొందరపడనిది ఒక్క అమ్మే. పాల లెక్క రాసే క్యాలెండరు మీదే చప్పుడు వినిపించిన తేదీ పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టడం మొదలుపెట్టింది. మూడు వారాలు తిరిగేసరికి విషయం తేలిపోయింది. గీతలన్నీ రోజు విడిచి రోజు ఉన్నాయి. మా వీధికి మునిసిపల్ నీళ్లు వచ్చేది కూడా రోజు విడిచి రోజే! ప్లంబరును పిలిపిస్తే పది నిమిషాల్లో గుట్టు విప్పాడు. నీళ్లు వదలగానే ఖాళీ పైపులోని గాలిని అవి ముందుకు నెడతాయి. ఆ ఒత్తిడికి పైపు అదురుతుంది. గోడకు పట్టి ఉంచే క్లాంపులు తుప్పుపట్టి ఊడిపోవడంతో పైపు గోడకు కొట్టుకుంటోంది. నాలుగు కొత్త క్లాంపులు బిగించాడు. అంతే, ఆరునెలలకో కుటుంబాన్ని తరిమేసిన ‘దయ్యం’ ఆ రోజుతో వెళ్లిపోయింది!

నిజానికి ప్రతి ఇల్లూ మాట్లాడుతూనే ఉంటుంది. పగటి సందడిలో ఆ మాటలు వినిపించవు, రాత్రి నిశ్శబ్దంలో అవే పెద్దగా వినిపిస్తాయి. రేకుల ఇళ్లలో పొద్దుగూకిన తర్వాత పైకప్పు ‘టక్, టక్’మంటుంది. ఎవరో రాళ్లు వేస్తున్నారనుకుంటారు. పగలంతా ఎండకు వ్యాకోచించిన రేకు చల్లబడుతూ సంకోచిస్తుంది. మూడు మీటర్ల ఇనుప రేకు 20 డిగ్రీల మేర చల్లబడితే దాదాపు ముప్పావు మిల్లీమీటరు పొడవు తగ్గుతుంది. మేకుల దగ్గర బిగుసుకుని ఉన్న రేకు ఒక్కసారిగా జారినప్పుడు వచ్చే చప్పుడే అది. చెక్క తలుపులు, బీరువాలు, ఇనుప గ్రిల్సు కూడా ఇలాగే పలుకుతాయి. ఫ్రిజ్‌లో నీళ్లు గుటకేసినట్టు వినిపిస్తే అది గొట్టాల్లో తిరిగే శీతలీకరణ ద్రవం. కుళాయి చప్పున కట్టేయగానే గోడలో ‘ధన్’మంటే పరుగుమీదున్న నీరు ఒక్కసారిగా ఆగి పైపును కొట్టిందన్నమాట.

ఇక ప్రాణులు చేసే చప్పుళ్లు వేరు. అర్ధరాత్రి అటకమీదో, ఫాల్స్ సీలింగు మీదో బరువైనదేదో పరుగెత్తినట్టుంటే ఎలుకలు కావచ్చు, మానుపిల్లి కావచ్చు. చెట్లున్న వీధుల్లో మానుపిల్లులు ఇళ్ల పైకప్పుల్లో కాపురం పెట్టడం మామూలే. పాడుబడ్డ గది నుంచి బుసకొట్టినట్టు, గురకపెట్టినట్టు వినిపిస్తే పామేనని బెదిరిపోనక్కరలేదు, తెల్ల గుడ్లగూబ పిల్లలు ఆకలేసినప్పుడు అలాగే అరుస్తాయి. గుడ్లగూబ ఇంటిమీద వాలితే ఇల్లు ఖాళీ చేయాలనేవారు ఇప్పటికీ ఉన్నారు. కాని అది వచ్చేది మనకోసం కాదు, మన ఇంటి ఎలుకల కోసం! తీతువు పిట్ట కూస్తే చావు కబురేనంటారు. పాపం ఆ పిట్ట నేలమీదే గుడ్లు పెడుతుంది. రాత్రయినా పగలైనా ఎవరైనా ఆ దరిదాపులకు వస్తే గుడ్లను కాపాడుకోవడానికి గోల చేస్తుంది. తన పిల్లల ప్రాణం కోసం అది పడే ఆరాటాన్ని మన ప్రాణాలకు ముడిపెట్టుకున్నాం! బల్లి సంగతీ అంతే. అది పలికేది ‘ఈ గోడ నాది’ అని మరో బల్లికి చెప్పడానికి, లేదా జోడును పిలుచుకోవడానికి. మనం మాట్లాడుతున్న మాటకు సాక్ష్యం చెప్పడానికి కాదు.

వింతేమిటంటే, భయపడనక్కరలేని చప్పుళ్లకు ఇంతగా భయపడే మనం, నిజంగా భయపడాల్సిన చప్పుళ్లను మాత్రం నెలల తరబడి పట్టించుకోము. స్విచ్ బోర్డులో నూనెలో ఆవాలు వేగినట్టు చిటపటలాడుతుంటే ‘పాత బోర్డు కదా’ అని సరిపెట్టుకుంటాము. లోపల వైరు వదులై నిప్పురవ్వలు లేస్తున్నాయని దాని అర్థం. వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. తలమీద తిరిగే ఫ్యాను ‘టిక్కు టిక్కు’మంటూ ఊగుతుంటే బోల్టు వదులైందేమో చూడాలి. ఇన్వర్టర్ బ్యాటరీ కుతకుతలాడుతూ, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంటే అది అతిగా చార్జింగ్ అవుతోందని హెచ్చరిక. ఇంట్లో నీరెవరూ వాడకపోయినా గోడలో సన్నగా పారుతున్న సవ్వడి వస్తుంటే ఎక్కడో పైపు కారుతోంది. ద్వారబంధంలో కరకరమంటూ, కింద పిండిలాంటి పొడి రాలుతుంటే పురుగు చెక్కను తినేస్తోంది. వంటింట్లో ‘స్‌స్‌’మనే శబ్దంతోపాటు గ్యాస్ వాసన వస్తే ఆలోచించడానికి వ్యవధి ఉండదు. స్విచ్చులు వేయకూడదు, వేసి ఉన్నవి తీయకూడదు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, అందరినీ బయటికి తీసుకెళ్లి, అక్కడినుంచి 1906 నంబరుకు ఫోను చేయాలి.

మరి ఏ చప్పుడు ఏమిటో తెలుసుకోవడమెలా? ఇందుకు పెద్ద చదువులు అక్కరలేదు. అమ్మ క్యాలెండరే మాకు నేర్పింది. ఎప్పుడు వస్తోంది? ఎక్కడినుంచి వస్తోంది? దానికి ముందు ఏం జరిగింది? దేన్ని ఆపితే ఆగుతోంది? ఈ నాలుగు ప్రశ్నలు చాలు. మెయిన్ స్విచ్ ఆపగానే ఆగితే అది కరెంటు వస్తువుదే. ట్యాంకు వాల్వు కట్టగానే ఆగితే నీళ్లది. సాయంత్రం చల్లబడేటప్పుడే వస్తుంటే కప్పుది. రాత్రిపూట వచ్చి, చోటు మారుతూ, మనం అడుగేయగానే ఆగిపోతుంటే అది కాళ్లున్న ప్రాణి. గోడకు ఒక స్టీలు గ్లాసు ఆనించి, దానికి చెవి పెట్టి వింటే ఎక్కడ బిగ్గరగా ఉందో తెలుస్తుంది.

ఇళ్లే కాదు, ఒక్కోసారి నేల కూడా చప్పుడు చేస్తుంది. 2020 అక్టోబరు తొలివారంలో హైదరాబాదు బోరబండలో భూమిలోంచి పేలుడులాంటి భారీ శబ్దాలు వినిపించాయి. జనం భయంతో రాత్రిపూట పిల్లలతో వీధుల్లోకి వచ్చారు. నగరంలోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అక్కడ పరికరాలు అమర్చి, అవి అతిస్వల్ప భూప్రకంపనలని తేల్చారు. వానాకాలంలో నీరు రాతి పగుళ్లలోకి ఇంకినప్పుడు ఇలాంటివి రావచ్చని వివరించారు. తక్కువ లోతులో పుట్టడం వల్లే ప్రకంపన చిన్నదైనా చప్పుడు పెద్దగా వినిపిస్తుంది. పేరు, కారణం తెలిశాక జనం గుండెదడ సగం తగ్గింది.

అయితే అన్ని చప్పుళ్లకూ జవాబు దొరుకుతుందా? దొరకదు. 1716 డిసెంబరులో ఇంగ్లండులోని ఎప్‌వర్త్ అనే ఊళ్లో శామ్యూల్ వెస్లీ అనే పాదిరిగారి ఇంట్లో తట్టుళ్లు, మూలుగులు, అడుగుల చప్పుళ్లు మొదలయ్యాయి. ఆయన భార్య సుసన్నా మొదట ఎలుకలేమోనని అనుమానించి, వాటిని బెదరగొట్టడానికి కొమ్ముబూర ఊదించింది. చప్పుళ్లు ఆగలేదు. పిల్లలు కొన్నాళ్లకు భయం మాని, ఆ శబ్దానికి ‘ఓల్డ్ జెఫ్రీ’ అని పేరు కూడా పెట్టేశారు! 1717 జనవరి ముగిసేసరికి అవి సద్దుమణిగాయి. అప్పుడు చదువుకోసం లండనులో ఉన్న కుమారుడు జాన్ వెస్లీ, ఇంట్లో ఎవరెవరు ఏం విన్నారో తర్వాత సేకరించి, 1784లో ప్రచురించాడు. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడు ఆయనే. మన మెదక్ కెథడ్రల్ కట్టింది ఆయన పేరిట నడిచిన మిషనే. ఆ చప్పుళ్లకు కారణం దయ్యమని కొందరు, ఇంట్లోవారి చిలిపి పనేనని కొందరు మూడు వందల ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. మాకు నచ్చింది మాత్రం ఆ తల్లి తీరు. మొదట ఎలుకల్ని అనుమానించింది. కారణం దొరకకపోయినా ఇల్లు విడిచి పారిపోలేదు, ఆ ఇంటి పనులు ఆగలేదు.

బైబిల్లోని బాల సమూయేలు కథ కూడా ఒక రాత్రి వినిపించిన శబ్దంతోనే మొదలవుతుంది. చీకట్లో ఎవరో పేరు పెట్టి పిలిస్తే ఆ పిల్లాడు దుప్పటి ముసుగేసుకోలేదు. లేచి పెద్దాయన ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. తాను పిలవలేదని ఆయన పంపేసినా మళ్లీ లేచాడు, మూడోసారీ లేచాడు. అప్పుడుగాని ఏలీకి ఆ పిలుపు ఎవరిదో అర్థం కాలేదు. లేచి వెళ్లి అడగడం, పొరపడినా మళ్లీ అడగడం. విన్నదాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

మా కథలో ఇంకొంచెం మిగిలింది. క్లాంపులు బిగించిన రోజే మామ్మగారింటికి వెళ్లి జరిగింది చెప్పి, జామపండు పారేసిన సంగతి కూడా చెప్పి క్షమించమన్నాము. ఆమె నవ్వి, ‘పోనీలే బాబూ, చెట్టుకు ఇంకా ఉన్నాయి’ అంది. ఆ తర్వాత మా అబ్బాయికి వెనక వాటాయే ఆటస్థలమైంది. కొన్ని నెలలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చాము. వెనక గోడలోంచి మళ్లీ చప్పుడు! మూడుసార్లు తట్టి ఆగుతోంది, మళ్లీ మూడుసార్లు. ‘పైపు మళ్లీ ఊడినట్టుంది’ అనుకుని మేము కదల్లేదు. అమ్మ మాత్రం లేచి కూర్చుంది. ‘ఇవాళ నీళ్లు వచ్చే రోజు కాదర్రా, అది పైపు కాదు, లేవండి’ అంది.

వెళ్లి చూస్తే మామ్మగారి స్నానాలగది తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది. విరగ్గొట్టి చూశాము. జారిపడి, లేవలేక, చేతికందిన స్టీలు చెంబుతో గోడను కొడుతోంది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రికి తీసుకెళ్లేటప్పుడు మా చేయి పట్టుకుని ఆమె అన్న మాట ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. ‘ఎవరూ రారనుకున్నానమ్మా. ఈ ఇంట్లో చప్పుడైతే జనం తలుపులు వేసుకుంటారు కదా!’

ఆపరేషన్ అయ్యాక వాకర్ సాయంతో ఆమె మళ్లీ నడిచింది. ఇప్పుడు మేమున్న ఇంట్లోనూ చప్పుళ్లున్నాయి. వినిపించినప్పుడల్లా దుప్పటి తొలగించి లేస్తాము. చాలాసార్లు అది పిల్లో, పైపో అవుతుంది. మళ్లీ వచ్చి పడుకుంటాము. ఎప్పుడైనా ఒకసారి గోడ అవతల ఒక మనిషి ఉండవచ్చు.