నంబరు దొరికితేనే చరిత్ర

ఇందోర్‌లో సరిహద్దు భద్రతా దళం వారి ఆయుధ శిక్షణ కేంద్రం ఉంది. అక్కడి మ్యూజియంలో ఒక పిస్తోలు ఏళ్ల తరబడి ఊరూపేరూ లేకుండా పడి ఉండేది. తుప్పు పట్టకుండా ఎవరో నల్లరంగు పూశారు. ఆ రంగు గీకి చూస్తే 168896 అన్న అంకెలు బయటపడ్డాయి. భగత్‌సింగ్ కేసు రికార్డుల్లో ఉన్న .32 కోల్ట్ పిస్తోలు నంబరూ అదే! 1928 డిసెంబరు 17న లాహోర్‌లో బ్రిటిష్ పోలీసు అధికారి సాండర్స్‌ను కాల్చిన ఆయుధం అలా 2017 ప్రాంతంలో వెలుగులోకి వచ్చింది.

రంగు పూశారు కాబట్టి సరిపోయింది. గరుకు కాగితం పెట్టి రుద్దేసి ఉంటే ఆ అంకెలు ఎప్పుడో అరిగిపోయేవి.

పాత రివాల్వర్ల నిగ్గు తేల్చేవాళ్లు ముందు చూసేది మెరుపును కాదు, ఈ అంకెలనే. ఫ్రేము, బ్యారెల్, సిలిండర్... నంబరు ఎన్ని చోట్ల ఉంటే అన్ని చోట్లా కలవాలి. ఒక్కచోట తేడా వచ్చినా అది రెండు మూడు తుపాకుల అతుకుల బొంత కావచ్చు. అంకె చుట్టూ లోహం కాస్త లోతుగా ఉంటే, పాత నంబరు అరగదీసి కొత్తది కొట్టారేమోనని భూతద్దం పట్టుకుంటారు. తుప్పు తిన్న గుంటల అడుగున కూడా నిగనిగలాడే నీలిపూత కనిపించిందా? పూత తర్వాత వేసిందే. తుప్పు ముందు, పూత తర్వాత అన్నమాట. మరమేకు గాడి చెదిరితే ఎవరో విప్పారని అర్థం.

బ్రిటిష్ సైన్యం 1915లో చేపట్టిన .455 వెబ్లీ మార్క్ 6 సంగతి చూడండి. అమెరికాలో .45 ఏసీపీ తూటాలు పట్టేలా వాటిలో చాలావాటి సిలిండర్ల వెనుక భాగం అరగదీశారు. పేల్చేవాడికి అది సౌకర్యం. సేకరించేవాడికి మాత్రం సగం విలువ అక్కడే పోయినట్టు.

అంకెల తర్వాతి సాక్ష్యం కాగితం. అమెరికన్ బందిపోటు బిల్లీ ద కిడ్‌ను 1881లో కాల్చిన ప్యాట్ గ్యారెట్ కోల్ట్ రివాల్వర్ 2021 వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. ఆ తుపాకీ కోసం గ్యారెట్ భార్య కోర్టుకెళ్లి గెలిచారు. ఆ తీర్పు లాంటి రికార్డే దాని చేతులు మారిన చరిత్రను నిలబెట్టింది. మా తాతగారికి దొరగారు ఇచ్చారన్న మాట ఇంట్లో చెప్పుకోవడానికి బాగుంటుంది, వేలంలో చెల్లదు.

ఇక మన దగ్గరికి వద్దాం. బిలాస్‌పూర్ రైల్వే బస్తీల్లో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లలో ఎవరి అటక మీదో, ఏ ట్రంకుపెట్టె అడుగునో ఇలాంటిదొకటి దొరికిందనుకోండి. వెంటనే ధర గుర్తొస్తుంది. ముందు గుర్తు రావలసింది 1959 ఆయుధాల చట్టం. పురాతన ఆయుధమైతే లైసెన్సు అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. సెక్షన్ 45 ఇచ్చే మినహాయింపు బాగు చేసినా, చేయకున్నా పేలడానికి వీల్లేని వాటికే. చిన్న స్ప్రింగు మారిస్తే పేలేదైతే, ఎంత పాతదైనా ఆయుధమే. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండుకు మించి తుపాకులు ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవైనా సరే. వందేళ్లు దాటిన పురావస్తువును సొంతంగా విదేశాలకు పంపడమూ 1972 చట్టం ప్రకారం నిషేధం. కాబట్టి ఆ డాలర్ల లెక్క మనకు వర్తించదు.

అలాంటిది కంటపడితే చింతపండు, బ్రాసో జోలికి పోకండి. ట్రిగ్గర్ నొక్కి చూడకండి. సంచిలో వేసుకుని ఊరంతా తిప్పకండి. ఉన్నచోటే ఉంచి పోలీసులకు చెప్పి, వాళ్లు చెప్పినట్టు ఠాణాలోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో జమచేసి రసీదు తీసుకోండి. అది అసలుదా నకిలీదా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.