కొత్త సిస్టమ్‌కు ఫార్మాట్ కొట్టే ముందు

జగిత్యాలలోనో కోరుట్లలోనో ఒక ఆఫీసుకు కొత్త కంప్యూటర్లు వచ్చాయంటే మొదటి రోజే జరిగే పని ఒకటుంది. డబ్బా విప్పీ విప్పకముందే, "అన్నా, ఫార్మాట్ కొట్టి సీ, డీ, ఈ డ్రైవులు చెయ్యి" అని షాపతనికి చెప్తారు. అతను తన దగ్గరున్న పెన్‌డ్రైవ్ పెట్టి గంటలో పని ముగిస్తాడు. నాలుగు రోజులకు తెర కుడివైపు అడుగున, విండోస్ యాక్టివేట్ చేసుకోమనే రాత తేలుతుంది. మళ్లీ ఫోన్. ఈసారి అతను 'యాక్టివేటర్' అనే చిన్న ప్రోగ్రాం నడిపిస్తాడు, రాత మాయమవుతుంది. ఇద్దరూ పని అయిపోయిందనుకుంటారు. నాకు మాత్రం ఇది చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. డబ్బు పెట్టి కొన్న అసలు విండోస్‌ను తుడిపించి, దాని చోట దొంగ విండోస్ వేయించుకున్నారు కదా అని.

ముందు బిల్లు చూడండి. మన షాపుల్లో కొన్ని కంప్యూటర్లు విండోస్‌తో వస్తాయి, కొన్ని డాస్‌తో వస్తాయి. బిల్లులో 'డాస్' అనో 'ఫ్రీడాస్' అనో ఉంటే అందులో విండోస్ లైసెన్సు లేదు, విడిగా కొనాల్సిందే. 'విండోస్ 11 హోమ్' అనో 'విండోస్ 11 ప్రో' అనో ఉంటే దాని ఖరీదు మీరు కట్టేసినట్టే. ఇక దాన్ని ఇంకెవరి దగ్గరా ఏ రూపంలోనూ కొననక్కర్లేదు.

ఆ లైసెన్సు ఉండేది ఎక్కడ? విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 రోజుల్లో సీపీయూ పక్కన, ల్యాప్‌టాప్ అడుగున 25 అక్షరాల కీతో ఒక స్టిక్కర్ ఉండేది. చెయ్యి తగిలి తగిలి, దుమ్ము పట్టి ఆ అక్షరాలు చెరిగిపోయేవి. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి పెద్ద కంపెనీలు ఆ కీని ఫ్యాక్టరీలోనే మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్‌లో రాసి పంపుతున్నాయి. డిస్క్ మొత్తం తుడిచినా, పాత డిస్క్ తీసి కొత్తది పెట్టినా ఆ కీ అక్కడే ఉంటుంది.

సిరిసిల్ల వాళ్లకు కరెంటు సర్వీసు నంబరుతో పోల్చి చెప్తే చప్పున అర్థమవుతుంది. అక్కడ 1970 నుంచి కరెంటు ఇస్తున్నది సెస్ అనే సహకార సంఘం. ఇంటికి సున్నం వేసినా, లోపల గోడలు మార్చినా, కిరాయికున్నవాళ్లు మారినా సర్వీసు నంబరు ఆ ఇంటిదే. పక్కింటికి పట్టుకుపోలేం. కంప్యూటర్‌తో వచ్చిన లైసెన్సూ అలాగే ఆ మదర్‌బోర్డును అంటిపెట్టుకుని ఉంటుంది. దుబాయ్ నుంచి తమ్ముడు తెచ్చిన ల్యాప్‌టాప్ కీబోర్డు మీద అరబ్బీ అక్షరాలున్నా సరే, దాని కీ కోరుట్లలోనూ పనిచేస్తుంది. వారంటీలో మదర్‌బోర్డు మారిస్తే మాత్రం కొత్త బోర్డులో లైసెన్సు తిరిగి ఎక్కించారో లేదో కంపెనీ మనిషిని అడిగి, అక్కడే చూపించమనాలి.

మరి షాపులో వేసిన విండోస్ ఎందుకు యాక్టివేట్ కాలేదు? చాలాసార్లు తప్పు ఎడిషన్ దగ్గరే జరుగుతుంది. మదర్‌బోర్డులో ఉన్నది హోమ్ కీ. షాపు పెన్‌డ్రైవ్ మాత్రం ఏ మిషన్‌కు పెట్టినా ప్రో వేసేలా తయారుచేసి ఉంటుంది. హోమ్ కీతో ప్రో తెరుచుకోదు. ఆఫీసు కోసమని ఎక్కువ ధర పెట్టి కొన్న ప్రో కంప్యూటర్‌లో ఎంటర్‌ప్రైజ్ వేసినా ఇదే గతి. కీ చెడిపోలేదు, లైసెన్సు ఎక్కడికీ పోలేదు. సరైన ఎడిషన్ మళ్లీ వేస్తే చాలు.

దానికి మైక్రోసాఫ్ట్ సైట్‌లో మీడియా క్రియేషన్ టూల్ ఉచితంగా దొరుకుతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. ఇలా చేసిన పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెడితే సెటప్ తనే ఫర్మ్‌వేర్‌లోని కీ చదివి, హోమ్‌కు హోమ్, ప్రోకు ప్రో వేస్తుంది. ఎక్కడైనా కీ అడిగితే 'నా దగ్గర కీ లేదు' అన్నదే నొక్కి, బిల్లులో ఉన్న ఎడిషనే ఎంచుకోండి. ఇంటర్నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరిచి చూసుకోవాలి. యాక్టివేట్ కాకపోతే ముందు తేదీ, టైము సరిగా ఉన్నాయా చూడండి. స్కూలుకో మీసేవ కేంద్రానికో ఆరు కంప్యూటర్లు కొంటే అదే పెన్‌డ్రైవ్ ఆరింటికీ పెట్టవచ్చు, ఏ మిషన్ కీ ఆ మిషనే చదువుకుంటుంది. ఒకదాన్ని సిద్ధం చేసి మిగతా వాటికి క్లోన్ కొట్టాలంటే మాత్రం వాల్యూమ్ లైసెన్సు కావాలి.

కొత్త మోడళ్లలో రెండు అడ్డంకులు ఎదురవుతాయి. సెటప్‌లో డిస్కే కనిపించకపోవచ్చు. డిస్క్ పాడైందని కంగారుపడొద్దు. 11వ తరం ఇంటెల్ నుంచి చాలా మిషన్లలో డిస్క్‌కు, విండోస్‌కు మధ్య వీఎండీ అనే ఏర్పాటు ఉంటోంది. కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని 'లోడ్ డ్రైవర్' నొక్కితే డిస్క్ కనిపిస్తుంది. రెండోది వైఫై. డ్రైవర్ లేక ఇంటర్నెట్ రాదు, విండోస్ 11 సెటప్ ఇంటర్నెట్ లేనిదే ముందుకు కదలనంటుంది. యూఎస్‌బీ వైరుతో ఫోన్ తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే చాలావరకు గట్టెక్కుతుంది.

అసలు డీ డ్రైవ్ కోసమే అయితే ఫార్మాట్ కొట్టనే అక్కర్లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీని కుదించి, మిగిలిన చోట డీ చేసుకోవచ్చు. కొత్త మిషన్‌లో ఐదు నిమిషాల పని. కంపెనీవాళ్లు నింపిన ట్రయల్ యాంటీవైరస్‌లూ, అక్కర్లేని ప్రోగ్రాములూ పూర్తిగా వదిలించుకోవాలన్నా, డిస్క్ మార్చినా అప్పుడు మళ్లీ వేయడంలో అర్థముంది.

యాక్టివేటర్ గురించి గట్టిగానే చెప్పాలి. అది పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. తలుపు తీసిపెట్టి ఎవరో తెలియనివాడిని లోపలికి పిలవడమే అది. సిరిసిల్లలో మగ్గాలు నడిపే ఆసాములకు ఇచ్చిన నూలు లెక్కలు, జీఎస్‌టీ పాస్‌వర్డులు, బ్యాంకు ఖాతాలు ఉన్నది ఆ మిషన్‌లోనే. 2017 మేలో, డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. విండోస్‌లో అది దూరిన రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది, వేసుకోని మిషన్లే చిక్కాయి. దొంగ విండోస్ బయటపడుతుందని అప్‌డేట్లు ఆపేసుకునే ఆఫీసులు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. చట్టమూ ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రాం వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద 7 రోజులకు తగ్గకుండా 3 ఏళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. సొంతానికి వాడిన వాళ్లకు కోర్టు జైలు తప్పించవచ్చు, వ్యాపారానికి వాడితే ఆ వెసులుబాటు లేదు.

చివరగా బిట్‌లాకర్. కొత్త విండోస్ 11 మిషన్లలో చాలావాటికి డిస్క్ తాళం దానంతటదే పడుతోంది. దాని 48 అంకెల రికవరీ కీ, మొదటి రోజు ఎవరి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే వాళ్ల ఖాతాలోకి వెళ్తుంది. మన ఆఫీసుల్లో అది సాధారణంగా ఆపరేటర్ కుర్రాడి సొంత మెయిల్. ఏడాది తిరిగేసరికి అతనికి వీసా వస్తుంది, సౌదీ వెళ్లిపోతాడు. ఆర్నెల్లకు బయోస్ అప్‌డేట్ అయి మిషన్ ఆ 48 అంకెలు అడుగుతుంది. అందుకే ఆఫీసు పేరుతో ఒక ఖాతా తెరిచి దానితోనే లాగిన్ అవ్వండి. ఆ అంకెలు ప్రింట్ తీసి, కంప్యూటర్ కొన్న బిల్లుతో పాటు బీరువాలో పెట్టండి.